ఒత్తి పలకాల్సిన మాట

"సందాలు అడుగుడేంది, సందాలు తినుడేంది తమ్మీ! నేను అన్న మాటే అది కాదు. సాందసవాది అన్న. ఆగు, మల్లంటా. ఛాం... ఛాందసవాది. ఇన్నవా? గిట్ల ఒత్తి పలకాలె. ఎవరు నేర్పిన్రనుకున్నవ్? ఎవరిని అన్ననో ఆయనే నేర్పిండు."

పుష్పాబాయి టీ గ్లాసు ఆటో సీటు మీద పెట్టి, కుడి పిడికిలిని గడ్డం కిందికి తెచ్చుకుంది. మైకు లేకపోయినా, మాటకు ఊపు రాగానే ఆమె చేయి అలా పైకి లేస్తుంది. ఆటో సూర్యాపేట బస్టాండు బయట హోటల్ పక్కన ఆగి ఉంది. పైన రెండు మైకు హారన్లు, వెనక చీరల ఎగ్జిబిషన్ ఫ్లెక్సీ. ఎగ్జిబిషన్ ఎప్పుడో అయిపోయింది, ఫ్లెక్సీ మాత్రం ఎండకు అడ్డంగా పనికొస్తుందని ఉంచేశారు. ముందు సీట్లో ఆమె భర్త మంగ్త్యా కూర్చుని రోడ్డు చూస్తున్నాడు.

సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఈమె ముఖం తెలియనివాళ్లకు కూడా గొంతు తెలుసు. కంటి ఆపరేషన్ల క్యాంపు, కొత్త బట్టల దుకాణం, తప్పిపోయిన బర్రె, రేపు కరెంటు ఉండదన్న కబురు, ఏదైనా ఆ గొంతులోనే ఊళ్లకు చేరుతుంది. వయసు అరవైకి దగ్గర. పుట్టింది చివ్వెంల దిక్కు తండాలో. మొదట్లో మైకు మంగ్త్యాదే. సినిమా హాళ్ల ప్రచారానికి రిక్షా తొక్కి, తర్వాత ఆటో కొన్నాడు. గొంతులో గడ్డ లేచి హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశాక ఆయనకు మాట పోయింది. అప్పటి నుంచి బండి ఆయనది, గొంతు ఆమెది. ఆయన తన అభిప్రాయం ఏదైనా ఉంటే ఆటో హారన్‌తో చెప్తాడు. చిన్నగా కొడితే అవును. గట్టిగా నొక్కిపడితే ఎవరికో తిట్టు.

"ఆయినె లచ్మీనర్సయ్య పటేలు. ఆయినె లేకుంటే నేను మైకు పట్టేదాన్నే గాదు, గది ముందుగాల రాసుకో," అంది.

మునగాల దాటి రోడ్డు వదిలి లోపలికి పోతే ఆయన ఊరు. తాతల నాటి భూమి, పెద్ద వాకిలి, రాతి అరుగు. మంగ్త్యా మాట పోయిన ఏడాది ముత్యాలమ్మ పండుగ చాటింపు పటేలే చేయించాలి. తండా పెద్దలు పుష్పాబాయిని అడ్డుకున్నారు. మన ఆడది రోడ్ల వెంట అరవడమేమిటన్నారు. పటేల్ తండాకు కబురు పంపాడు. "అది బతుకుదెరువు. ఎవడన్న ఏమన్న అంటే నా దగ్గరికి రమ్మనుండ్రి" అన్నాడట. తన అరుగు మీదే నిలబెట్టి మొదటి చాటింపు చెప్పించాడు.

"మైకు పట్టుకున్న తమ్మీ. 'ఊరి పెజలకు' అని ఆగిపోయిన. ఆయినె కుర్చీల కూసోని, 'పుష్పా, బర్రెను కొట్టంలకు పిలుస్తవ్ సూడు, గట్ల పిలువు' అన్నడు. గంతే. ఇగ ఆగలె నేను."

ముందు సీట్లో చిన్న హారన్ మోగింది. అవునన్నమాట.

ఆ తర్వాత ఆ దారిన ఎప్పుడు పోయినా బండి పటేల్ వాకిట్లో ఆగాల్సిందే. మధ్యాహ్నమైతే జొన్నరొట్టె, చల్ల. ఆయన అరుగు మీద, ఆమె కింద మెట్టు మీద. లోకం సంగతులు మాట్లాడుకోవడం. ఆమె ఆ మాటల్ని ప్రేమగానే గుర్తు చేసుకుంది. ఏ సంగతి మొదలుపెట్టినా పటేల్ దాన్ని 'ఎన్కట' దగ్గరికి తీసుకుపోయేవాడట. ఎన్కట ఊళ్లో తగువుకు పోలీసు రాలేదు, నలుగురు పెద్దమనుషులే తేల్చారు. ఎన్కట తండాలకు వేరే పంచాయతీలు లేవు, అయినా ఎవరూ చావలేదు. ఆడవాళ్లకు సీట్లని చట్టం పెట్టి ఇళ్లు పాడు చేశారు. ఎవరి జాగాలో వాళ్లుంటే ఊరు చల్లగా ఉంటుంది.

"నువ్వేమనేదానివి?" అని అడిగాను.

"ఏమంట? రొట్టె తినుకుంట ఊ అనేదాన్ని. పెద్దాయినె, మంచాయినె. మా దేవికకు కాన్పు కష్టమైతే అద్దమరాత్రి కారిచ్చి కోదాడ పంపిచ్చిండు. దేవిక అంటే నా బిడ్డ. గసువంటాయినె ఏదో అంటడు, మనం వింటం."

మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో ఆ ఊరి సర్పంచ్ సీటు మహిళలకు వచ్చింది. పటేల్‌కు అది మింగుడు పడలేదు. అయినా ఊరు చేయి దాటిపోకూడదని కోడలు సువర్ణను నిలబెట్టాడు. ఫ్లెక్సీ కోదాడలో వేయించాడు. దాని మీద చేతులు జోడించిన పటేల్ నిలువెత్తు ఫొటో, ఉంగరం గుర్తు, కింద సువర్ణ పేరు ఉన్నాయి. సువర్ణ ఫొటో లేదు. మా ఇంటి ఆడవాళ్ల బొమ్మలు కరెంటు స్తంభాలకు వేలాడాలా అన్నాడట.

ఆయన అసలు కోరిక ఏకగ్రీవం. నలుగురు పెద్దలు కూర్చుంటే అయిపోతుంది, ఓట్లెందుకు, మైకులెందుకు అని ఇల్లిల్లూ తిరిగాడు. దాదాపు ఊరంతా తల ఊపింది. ఊపనిది కవిత ఒక్కతే. కూలి ఇంటి పిల్ల, డిగ్రీ చదివి ఊళ్లోనే బట్టలు కుడుతుంది. నామినేషన్ వేసి, కత్తెర గుర్తు రాగానే నేరుగా సూర్యాపేట వచ్చి పుష్పాబాయిని కలిసింది.

"నాకు కవిత మీద ప్రేమ లేదు, పటేలు మీద కోపం లేదు. మైకు కిరాయికి అడిగింది, ఒప్పుకున్న. కాయితం మాత్రం కోదాడ లెక్చరర్ రాసి ఇచ్చిండు. భాస్కర్ సారు. అండ్లనే ఉండె గీ ముక్క. 'ఛాందసవాదుల మాటలు నమ్మకండి, కత్తెర గుర్తుకే ఓటెయ్యండి.' నేనేమనుకున్ననంటే, సందాలు వసూలు చేసేటోళ్లు గావొచ్చు అనుకున్న. గణపతికి, ముత్యాలమ్మకు అడుగుతరు కదా!"

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వు, నవ్వు. నాకు తెల్వంది నేను మైకుల చెప్ప. బర్రె పోయిందంటే కొమ్ములు ఎట్ల ఉంటయో అడిగి చెప్త. గందుకే సారుకు ఫోన్ కొట్టిన."

ఆ ఫోన్ సంభాషణ మొత్తం రెండు గొంతులతో నాకు చేసి చూపించింది. భాస్కర్ సారు కోదాడ మాటను, ఆ సాగతీతను ఆమె పట్టుకున్న తీరుకు పక్కన టీ తాగుతున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు.

"'సారూ, గీ సాందసం అంటే ఏంది?'

'మార్పంటే అస్సలు గిట్టనివాళ్లమ్మా. పాత పద్ధతే ఉండాలనేవాళ్లు.'

'గట్లయితే నేను సాందసమే. కొత్త స్పీకరు బాక్సులు కొనుక్కొమ్మంటే కొన్ననా? నా పాత హారన్లే వాడుతున్న.'

'అది మీ ఇష్టం కదమ్మా, అది తప్పేం కాదు. మీరు పాత హారన్ వాడుకుంటే సంప్రదాయం అనుకోండి. ఊళ్లో ఎవరూ కొత్త బాక్స్ వాడటానికి వీల్లేదు, కొన్నవాళ్లు కూడా పడేసి పాతదే పెట్టుకోవాలి, ఆడవాళ్లు అసలు మైకే ముట్టకూడదు అంటే, అప్పుడది ఛాందసం. ఉన్నదాన్ని కాపాడుకునేవాడు వేరు. పోయినదాన్ని కూడా తవ్వి తెచ్చి అందరి నెత్తినా పెట్టేవాడు వేరు.'"

అక్కడ పుష్పాబాయి గొంతు తనదైపోయింది. "ఫోన్ పెట్టేసినంక నాకు ఒక్క మాట యాదికొచ్చింది తమ్మీ. మైకు పట్టిన కొత్తల పటేలు నాతోని అన్నడు. 'నువ్వు పట్టుకుంటే తప్పులేదు పుష్పా. నువ్వు మా ఇంటి ఆడదానివి గాదు కదా' అని. అప్పుడు నాకు ధైర్యం చెప్పినట్టు ఇనవడ్డది. ఇన్నేండ్లు అట్లనే దాసుకున్న. సారు చెప్పినంక చూస్తె అదే మాట ఇంకో తీరుగ ఉన్నది. నాకు దారి ఇచ్చింది నేను కింద ఉన్ననని. సువర్ణకు దారి ఇయ్యనిది ఆమె మీద ఉన్నదని. ఎవరి జాగల వాళ్లం."

మంగ్త్యా రోడ్డు మీంచి చూపు తిప్పి ఆమెను చూశాడు.

"మరి ఆ మాట చెప్పడం మానేయాలనిపించలేదా?"

"ఎందుకు మానాలె? మాట సక్కగనే ఉన్నది. కానీ ఎనక నుంచి అనుడు నాకు రాదు. పోయి మొఖం మీదనే చెప్పిన."

ఆమె వెళ్లేసరికి పటేల్ అరుగు మీద పేపరు చదువుతున్నాడు. రొట్టె వచ్చింది. రొట్టె ముట్టకుండానే ఆమె సంగతి చెప్పింది. "పటేలా, రేపటి నుంచి నిన్ను మైకుల సాందసవాది అంట. నాకు లెక్చరర్ సారు కాయితం ఇచ్చిండు. అర్థం అడుక్కున్న. నీకు సరిపోతది అనిపించింది. చెప్పి పోదామని వచ్చిన."

పటేల్ పేపరు మడిచి, కళ్లద్దాలు తీసి, ఆమెను చూసి నవ్వాడట.

"'సాందసం ఏందే? సాందసం కాదు, ఛాందసం. ఛందస్సు అంటే వేదం. వేదం సదువుకున్నోడు ఛాందసుడు. మీ లెక్చరరు నన్ను తిడుతున్న అనుకుంటుండు, పిచ్చోడు, పొగుడుతుండు. అను, అను. కాకుంటె సక్కగ అను. మా నాయినను గిదే వాకిట్ల ఎర్రజెండాలు పట్టుకొని అభివృద్ధి నిరోధకుడు అన్నరు. గంత పొడుగు మాట! ఒక్కడు తప్పు పలుకలె. మీ కాలం వచ్చెవరకు మాట పొట్టిగైంది, అది గూడ సక్కగ రాకపాయె.'

కూసోవెట్టి నేర్పిండు తమ్మీ. 'పొట్టలకెల్లి గాలి రావాలె. ఛాం.' నేను 'సాం' అంట. ఆయినె 'ఛాం' అంటడు. లోపట తలుపు సాటుకు సువర్ణ కిసుక్కున నవ్వింది. ఆయినె అటు సూసిండు. నవ్వు ఆగిపోయింది."

ఆ తర్వాత నేను ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. పటేల్ చెప్పిందీ ఉంది. ఛందస్సు అంటే వేదం, అది చదివినవాడు ఛాందసుడు. దాని పక్కనే లోకజ్ఞానం లేనివాడనీ, పాత పట్టింపులు వదలనివాడనీ ఉంది. పండితుడికి పెట్టిన పేరు మెల్లగా ఎగతాళి అయిందన్నమాట. ఇప్పుడు పత్రికల్లో దానికి 'వాదం' తోక తగిలించి రాజకీయాలకు వాడుతున్నారు. మతం పేరుతోనో, కులం పేరుతోనో, పాత పెత్తనం పేరుతోనో గడియారాన్ని వెనక్కి తిప్పుతామనేవాళ్లను అలా అంటున్నారు. ఊరికే మొండిగా ఉండే మామగారినీ అదే మాట అంటున్నారు. విదేశీ వార్తల్లో ఇంకో మాట కనిపిస్తుంది, 'అతి మితవాదులు' అని. మితంలో అతి ఏమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. కుడివైపు పార్టీలను మితవాదులనడం మన పత్రికల అలవాటు, అందులో మరీ చివర ఉన్నవాళ్లు అతి మితవాదులు. ఆ మాట పుష్పాబాయి కాగితంలో రాసి ఉంటే ఆమె భాస్కర్ సారును ఇంకెన్ని తిప్పలు పెట్టేదో.

పుష్పాబాయి పటేల్ నేర్పినట్టే ఒత్తి పలికి ఫోన్లో రికార్డు చేసింది. ఊళ్లోకి పోయి, హారన్లకు కలిపి, తిప్పి తిప్పి వినిపించారు. అక్కడే కథ అడ్డం తిరిగింది. పాత హారన్లలో ఊరి వైపు తిరిగి ఉన్నదాని లోపలి పొర చిరిగి ఉంది. గట్టిగా గాలి తగిలే అక్షరం వస్తే అది బుస్సుమని మింగేస్తోంది. పటేల్ అంత శ్రద్ధగా నేర్పిన 'ఛాం'నే అది మింగింది. మింగగా మిగిలిన మాట ఊరి చెవికి 'చందాలవాదుల మాటలు నమ్మకండి' అని చేరింది.

ముత్యాలమ్మ పండుగకు చందాలు పోగుచేసేది ప్రతి ఏడూ పటేలే. సాయంత్రానికి హోటల్ దగ్గర పిల్లలు పాట కట్టారు. ఎవరో ఆయన ముందే అనేశారు. "ఏం పటేలా, బోనాల సందాల సంగతి మైకుల వస్తుంది?"

"ఛాందసుడు అంటే నవ్విన మనిషి, గా మాటకు మంచం పట్టిండు," అంది పుష్పాబాయి. "అమ్మవారి సొమ్ము ముట్టిండంటే ఎట్లుంటది? ముట్టలె తమ్మీ. ఆయిన అసువంటోడు గాదు. జీతగాడితోని కబురు పంపిండు. 'ఇగ నా వాకిట్ల బండి ఆపొద్దు' అని. నేను ఉరికిన. గేటు పెట్టి ఉన్నది. ఎన్నడు పెట్టని గేటు. 'పటేలా, నేను గట్ల అనలె' అని బయట నిలవడి మొత్తుకున్న. గొంతు ఊరంత ఇనవడే దాన్ని, గేటు అవతలికి ఇనవడలె."

వెంటనే ప్రచారం ఆపి మిర్యాలగూడ పోయారు. అక్కడ పాత హారన్లు బాగుచేసే అంజన్న ఒక్కడే మిగిలాడు. పొర మార్చి, పరీక్షకు ఆ రికార్డే వేసి విన్నాడట.

"'అక్కా, మాట మంచిగనే ఉన్నది. మరి దీనికి అర్థమేంది?'

'ఎవరి జాగల వాళ్లు ఉండాలె అనేటోడు.'

'అయ్యో, మా మేనమామ!' అన్నడు."

ముందు సీట్లో హారన్ రెండుసార్లు మోగింది. మంగ్త్యాకు ఆ జోకు ఇష్టమని తెలిసింది.

బాగైన హారన్‌తో మళ్లీ ఊళ్లోకి పోయారు. ఈసారి 'ఛాం' గుడి గంటలా మోగింది. ఎవరూ నమ్మలేదు. ముందు నిజం చెప్పింది, పటేల్ బెదిరిస్తే మాట మార్చింది అనుకున్నారు. పుష్పాబాయి బండి దిగి హోటల్ దగ్గర నిలబడి, చందా వేరు, ఛాందసం వేరు అని విడమరిచి చెప్పింది. విన్నవాళ్లు తల ఊపి, ఆమె వెళ్లగానే మళ్లీ పాట అందుకున్నారు.

ఓట్లు లెక్కపెడితే ఉంగరమే గెలిచింది. కవిత మళ్లీ కుట్టు మిషన్ దగ్గర కూర్చుంది. వచ్చేసారి చూద్దాం అక్కా, అని పుష్పాబాయికి జాకెట్ కుట్టి పంపింది. పటేల్ గెలుపు ఊరేగింపుకు బయటికి రాలేదు.

"ఓడినోళ్లు మంచిగున్నరు, గెలిచినోళ్ల ఇంట్లనే గేటు పెట్టి ఉన్నది," అంది పుష్పాబాయి. టీ చల్లారిపోయింది. దాన్ని పారబోసి ఇంకోటి చెప్పింది. "నిన్న పొద్దుగాల సువర్ణ ఫోన్ చేసింది."

"ఏమంది?"

"'అక్కా, ఎల్లుండి గ్రామసభ. మైకు చాటింపుకు నువ్వే రావాలె' అన్నది. 'మీ మామను అడిగినవా?' అన్న. 'సర్పంచి ఎవరక్కా?' అన్నది." పుష్పాబాయి ఒక్క క్షణం ఆగి ఆ మాట రుచి చూసుకుంది. "ఇంకోటి కూడ చెప్పింది. 'లచ్మీనర్సయ్య పటేలు గారి కోడలు అనొద్దు అక్కా. సర్పంచ్ సువర్ణ పిలుస్తుంది అను. గంతే.' చాన మెల్లగ చెప్పింది. పక్క అర్రల ఆయినె ఉన్నట్టున్నడు."

"పోతావు కదా?"

"పోకుంటె ఎట్ల? చాటింపు గా వాకిట్లకెల్లే మొదలు పెట్టాలె. నేను మైకుల మొదటి మాట చెప్పింది ఆ అరుగు మీదనే. బయట రోడ్డు మీద నిలవడి సువర్ణ పేరు పిలువనా? పిలువ. రొట్టె కోసం గాదు తమ్మీ, రొట్టె నేనూ చేసుకుంట. నేను దొంగమాట అన్న అనుకుంటుండు ఆయినె. నేను నిజం మాట అన్న. కోపం చేస్తే నిజం మాట మీద చెయ్యాలె. అప్పుడు నేను పడ్త. లేని మాట మీద కోపం చేసి గేటు పెడితే నాకు నిద్ర పడ్తలేదు."

కోదాడ బస్సు స్టాండులోంచి తల బయటపెట్టింది. నేను ఆ బస్సుకే పోవాల్సినవాణ్ని. నాకు పనున్న మునగాల ఆ దారిలోనే వస్తుంది.

"నువ్వు దిగుతవ్ కదా గాడ," అంది ఆమె, నా సంచి తీసి చేతికిస్తూ. "పటేలుకు సదువుకున్నోళ్లంటే మర్యాద. నీకు గేటు తీస్తడు. రెండు మాటలు చెప్పు. పుష్ప చందా అనలేదు, హారన్ చిరిగింది, మిర్యాలగూడల అంజన్న గవాయి, సాక్ష్యం చెప్తడు అని చెప్పు. గది ఒకటి. రెండోది, ఛాందసవాది అన్నది నిజమే, అది వాపసు తీసుకోదట అని చెప్పు. రెండూ చెప్పాలె. మొదటిది ఒక్కటే చెప్పి, మంచి చేద్దామని రెండోది మింగితివా, నా చిరిగిన హారన్‌కు నీకు తేడా లేదు."

"చెప్తాను."

"ఏమని చెప్తవ్? అను, సూస్త."

"చాందసవాది అన్నది నిజమే..."

మంగ్త్యా హారన్ గట్టిగా నొక్కిపట్టాడు.

"సూసినవా, ఆయినెకు కూడ నచ్చలె. 'చాం' కాదు తమ్మీ, 'ఛాం'. పొట్టలకెల్లి గాలి రావాలె. గట్ల పలికితేనే నేను పంపిన అని ఆయినెకు తెలుస్తది. రేపు పొద్దుగాల బండి వస్తది, గేటు తీసి పెట్టుమను. ఇగ పో, బస్సు పోతది. దారి పొడుగుత అనుకుంట పో."